మేడ్చల్ చలికి లండన్ స్వెట్టరా?

చాన్నాళ్ళయింది ఇటువైపు తొంగి చూసి. రిలీజు, దాని వెనకాలే బగ్గులు, అవి అయ్యేసరికి నాకు జలుబు. ఈ మూడోది తగ్గేలోపే రాసెయ్యాలనిపించిన సంగతొకటుంది. పెద్ద విషయమేం కాదు, స్వెట్టర్. నవ్వకండి, కాస్త ఓపిగ్గా వినండి.

పోయిన ఆదివారం మా చెల్లెలు నన్ను కొంపల్లి వైపున్న ఒక పెద్ద బట్టల షాపుకి లాక్కెళ్ళింది. "అన్నా, ఇంజనీరింగ్ ఫస్టియర్‌ల ఎట్లున్నవో ఇప్పుడు గూడ అట్లనే ఉన్నవ్. నీకంటూ ఒక స్టైల్ ఉండొద్దా?" అని దాని బాధ. ఇంట్లో పెళ్ళిసంబంధానికి ఫోటోలు తీయించే ప్లాను ఏదో నడుస్తోందని నా అనుమానం. సరే, పోయాం.

అద్దాల తలుపు తోసుకుని లోపలికి అడుగు పెడితే ఎదురుగా ఒక బొమ్మ. మెడ దాకా మూసేసే లావాటి స్వెట్టర్, దాని మీద మోకాళ్ళ దాకా కోటు, మెడలో మఫ్లర్, తలకి ఉన్ని టోపీ. కాళ్ళ దగ్గర దూదితో చేసిన మంచు. అప్పుడు టైము మధ్యాహ్నం రెండు. బయట ఎండ చురుక్కుమంటోంది. నేను చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ "ఈయనది ఏ ఊరు?" అని అడిగాను. "జోకులు ఆపి ట్రయల్ రూముకు పో" అంది చెల్లి.

పోయాను. అలాంటిదే ఒక స్వెట్టర్, వెల 1,799. తలలోంచి దూర్చుకుని అద్దంలో చూసుకుంటే పరుపు చుట్టకి తల మొలిచినట్టున్నాను. మెడ దగ్గర దురద. లోపల లేబుల్ చూస్తే నూటికి నూరు శాతం అక్రిలిక్. విప్పి అక్కడే పెట్టేసి వచ్చాను. చెల్లి దారంతా మాట్లాడలేదు. కానీ అది అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నాకంటూ ఒక స్టైల్ ఉండొద్దా? ఉండాలంటే అది ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఈ హై స్ట్రీట్ ఫ్యాషన్ సంగతి చూద్దాం. ఇంగ్లండులో ఊరి మెయిన్ బజారుని హై స్ట్రీట్ అంటారు. పెద్ద పెద్ద డిజైనర్లు ర్యాంపు మీద చూపించిన బట్టల్ని చూసి, అలాంటివే చవగ్గా కుట్టించి, వారాల్లో మామూలు బజారులోకి తెచ్చే వ్యాపారమిది. మన దేశంలో వెస్ట్‌సైడ్ 1998లో మొదలైంది. జారా 2010లో, హెచ్ అండ్ ఎమ్ 2015లో వచ్చాయి. 2016లో టాటాల జూడియో మొదలయ్యాక ఈ ఫ్యాషన్ మాల్ దాటి ఊళ్ళలోకి, హైవే పక్కలకి వచ్చేసింది. నేను స్కూల్లో ఉన్నప్పుడు మంచి బట్టలంటే సికింద్రాబాద్ జనరల్ బజారుకో, అబిడ్స్‌కో పోవాల్సిందే. ఇప్పుడు బజారే మన దగ్గరికొచ్చింది. ఇది మంచిదే, కాదనను.

చిక్కల్లా ఈ బజారు క్యాలెండర్‌తోనే. ఆటమ్-వింటర్ అని వాళ్ళు తెచ్చే సరుకు ఎక్కడి చలికి డిజైను చేసింది? పగలు కూడా ఐదు డిగ్రీలు దాటని చలికి. మన చలి వేరు. హైదరాబాదులో జనవరి నెల సగటు చూస్తే రాత్రి 15 డిగ్రీలకి అటూ ఇటూ, పగలు 28 పైనే. ఒకే రోజులో 13, 14 డిగ్రీల తేడా. మన వాతావరణశాఖ లెక్కల్లో హైదరాబాదు చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండేవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు. సిటీలో ఉన్నవాడికి ఫ్యాను వేసుకునేంత చలి అయితే, మాకు రెండు దుప్పట్ల చలి. నడిబొడ్డు కంటే మా శివార్లలో తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపించే రోజులుంటాయి. ఇందులో మహత్తేం లేదు. సిటీలో సిమెంటూ తారూ పగలంతా వేడి దాచుకుని రాత్రి మెల్లగా వదుల్తాయి. మా దగ్గర ఖాళీ నేల, పొలాలు, చెరువులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. నేల పైన ఆకాశానికి నేరుగా వేడి వదిలేసి తెల్లారేసరికి చల్లబడిపోతుంది. డిసెంబరులో పొద్దున ఆరింటికి శామీర్‌పేట పెద్ద చెరువు కట్ట మీద నిలబడితే మాట్లాడుతున్నప్పుడు నోట్లోంచి పొగొస్తుంది. అదే కట్ట మీద పన్నెండింటికి నిలబడితే గొడుగు కావాలి.

ఇప్పుడు చెప్పండి, ఆ షాపులో బొమ్మ వేసుకున్నది మనం ఎప్పుడు వేసుకోవాలి? పొద్దున ఆరున్నరకి బండి తీస్తే వేసుకోవాలి, నిజమే. మేడ్చల్ నుంచి ఐటీ ఆఫీసుల వైపు పోవాలంటే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు. సర్వీసు రోడ్డు పట్టుకునో, గుండ్లపోచంపల్లి, దూలపల్లి, బహదూర్‌పల్లి మీదుగానో పోవాలి. మొదటి అరగంట చెవుల్లో సూదులు గుచ్చినట్టుంటుంది. కానీ ఆఫీసు చేరేసరికి ఎండ. విప్పి బ్యాగులో పెడదామంటే ఆ లావు స్వెట్టర్ ల్యాప్‌టాప్ కంటే ఎక్కువ చోటు తింటుంది. అంటే మన చలికి కావాల్సింది ఒక మందపాటి బట్ట కాదు, రెండు మూడు పల్చటి పొరలు. లోపల బనీను, దాని మీద చొక్కా, పైన పల్చటి స్వెట్టర్, బండి మీద గాలి ఆగడానికి ఒక విండ్ చీటర్. ఎండ పెరిగినకొద్దీ ఒక్కోటి ఒలుచుకుంటూ పోవడమే, ఉల్లిపాయలాగా.

అన్నట్టు హైదరాబాదు ఐటీ వాళ్ళకి స్వెట్టర్ అసలు సీజను డిసెంబరు కాదండోయ్, మే నెల. బయట 42, లోపల 21. మా ఫ్లోర్‌లో సగం మంది ఆడవాళ్ళ కుర్చీలకి ఏడాది పొడుగునా ఒక శాలువా వేలాడుతూనే ఉంటుంది. దీని వెనక కూడా ఒక కథుంది. బట్టలు ఎంత వెచ్చదనం ఇస్తాయో కొలవడానికి 1941లో క్లో అని ఒక యూనిట్ పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత బట్ట ఒక క్లో, అంటే దాదాపుగా ఒక పూర్తి సూటు. 1960ల్లో వచ్చిన లెక్కల్లో మనిషి ఒంట్లో పుట్టే వేడి కింద తీసుకున్నది నలభై ఏళ్ళ, డెబ్బై కిలోల మగవాడి వేడిని. ఆడవాళ్ళ ఒంటి వేడి ఈ లెక్క కంటే తక్కువగా ఉంటుందని 2015లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో ఇద్దరు డచ్చి పరిశోధకులు రాశారు. అంటే మన ఆఫీసు చలి కూడా ఎవరో సూటేసుకున్న పెద్దమనిషి కొలతలకి కుట్టిందన్నమాట. షాపులో బొమ్మా పరాయిదే, ఆఫీసులో ఏసీ కూడా పరాయిదే. మధ్యలో మనం.

ఇక స్వెట్టర్ దగ్గరికొద్దాం. బట్టల్లో నేత వేరు, అల్లిక వేరు. నేతలో పడుగూ పేకా అని రెండు వరసల దారాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. అల్లికలో ఒకే దారం ముడుల్లాంటి ఉచ్చులు వేసుకుంటూ, ప్రతి ఉచ్చూ ముందు ఉచ్చులోంచి దూరి పైకొస్తుంది. మన భాషలో చెప్పాలంటే లింక్డ్ లిస్ట్. మధ్యలో ఒక నోడ్ జారిందంటే కింది దాకా గీత పడుతుంది. కానీ ఆ ఉచ్చుల వల్లే స్వెట్టర్ సాగుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. వెచ్చదనమంతా ఆ ఆగిపోయిన గాలిదే. దారం దాన్ని పట్టుకుని ఉంటుందంతే.

పేర్ల సంగతి ఇంకా తమాషా. ముందు బొత్తాలుండే స్వెట్టర్‌ని కార్డిగన్ అంటాం కదా, అది 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర గుర్రపు దళాన్ని నడిపించిన కార్డిగన్ ప్రభువు పేరు. మెడ దగ్గర్నుంచి ఏటవాలుగా వచ్చే రాగ్లాన్ చేతులు అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యాధిపతి రాగ్లాన్ పేరు మీద వచ్చాయి. ఇక బాలక్లావా అనే ఆ ఊరి పేరుతో ప్రపంచమంతా పిలిచే టోపీ ఏమిటో తెలుసా? మన మంకీ క్యాపు! మా నాన్న నవంబరు ఒకటో తారీఖు నుంచి పెట్టుకుని, మేం సిగ్గుతో చచ్చిపోయే మంకీ క్యాపు. 2021-22 చలికాలంలో అమెరికా, యూరపుల్లో అదే బాలక్లావా పెద్ద ఫ్యాషనైపోయింది. ఈ ముక్క నాన్నకి చెప్తే "మరి నేను ఎప్పటిసంది పెట్టుకుంటున్న?" అని ఒక చూపు చూశాడు.

ఇక్కడ ఆగి ఒక పాత తప్పు ఒప్పుకోవాలి. అసలు ఇదంతా రాయడానికి కారణం అదే.

మేం అల్వాల్‌లో అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో మిలటరీ వాళ్ళుండేవాళ్ళు. ఆ ఇంటి పంజాబీ ఆంటీ దగ్గర మా అమ్మ అల్లిక నేర్చుకుంది. సీదా, ఉల్టా, రెండు సీదా, రెండు ఉల్టా అని పెదాలు కదుపుతూ సాయంత్రాలు అరుగు మీద అల్లుతుండేది. నేను ఇంటర్ చదివేటప్పుడు నాకో మెరూన్ రంగు స్వెట్టర్ అల్లింది. వీ మెడ, ఛాతీ మీద జడల్లాంటి మెలికలు. చలికాలమంతా అదే నా పైబట్ట. ఇంజనీరింగ్‌లో కూడా అదే.

ఉద్యోగంలో చేరిన మొదటి డిసెంబరులో అది వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. క్యాంటీన్ లైన్లో ఒకతను "ఏంటి బాస్, స్కూల్ యూనిఫామా?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, వాళ్ళకంటే గట్టిగా. భోజనం అయ్యాక బాత్రూములోకి వెళ్ళి విప్పి బ్యాగులో పెట్టేశాను. ఆ శనివారమే ఒక బ్రాండు షాపులో బూడిదరంగు స్వెట్టర్ కొన్నాను. అది నాలుగు ఉతుకులకి చంకల దగ్గరంతా చిన్న చిన్న ఉండలు కట్టి, కింద అంచు గంటలాగా వెడల్పయింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన హుడీ. అమ్మ మాత్రం 'నేనల్లింది ఏమైందిరా' అని ఒక్కసారీ అడగలేదు.

మొన్న ఆ షాపు నుంచి వచ్చాక బీరువా అంతా వెతికాను. లేదు. అమ్మనడిగితే "నువ్వు ఏసుకుంటలేవు గదరా. ఊకె పెట్టెల పెట్టి ఏం జేసుడు? ఊడదీసి పక్కింటి సిన్నపిల్లకు టోపీ, సాక్సులు అల్లిన" అంది. ఆమె గొంతులో నిష్ఠూరమేం లేదు. అల్లిక అంటే అంతే, ఒక్క కొస పట్టుకుని లాగితే మళ్ళీ దారమైపోతుంది, ఇంకొకటవుతుంది. నాకే గొంతు పట్టినట్టయింది. జలుబు వల్ల కూడా అయ్యుండొచ్చు.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే నేను ఆ బొమ్మని వెక్కిరించడంలో న్యాయం ఉండదు. "అది అసలు ఉన్ని కదమ్మా, ఊడదీశావా" అంటే అమ్మ నవ్వి, ఇంట్లో మిగిలిన ఊలు ఉండ మీదున్న కాగితం చూపించింది. దాని మీద కూడా అక్రిలిక్ అనే ఉంది! మన ఇళ్ళల్లో ఉన్ని వేరు, ఊలు వేరు. ఉన్ని గొర్రెది. ఊలు అని ఫ్యాన్సీ షాపులో మనం కొనే రంగురంగుల ఉండల్లో చాలావాటిది పెట్రోలియం పుట్టుక. కాబట్టి 'చేత్తో చేసిందంతా అమృతం, షాపులోదంతా ప్లాస్టిక్' అని ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు. అక్రిలిక్ చవక, రంగు దిగదు, మెషీన్లో ఉతకొచ్చు, పురుగు కొట్టదు. కాకపోతే ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు రాలుస్తుంది. ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి ఉతికితే ఏడు లక్షలకి పైగా పోగులు నీళ్ళలో కలవొచ్చని 2016లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు లెక్కగట్టారు. కాబట్టి అక్రిలిక్ కొంటే కొనండి గానీ ఒకటి కొని పదేళ్ళు వాడండి, పది కొని ఏడాదికి పారేయకండి. నా మెరూన్ స్వెట్టర్ ఎన్నో ఏళ్ళు నిలబడింది, ఇప్పుడు పక్కింటి పాప కాళ్ళకి కూడా నిలబడింది. బూడిదరంగుది ఒక చలికాలం కూడా నిలబడలేదు. రెండూ అక్రిలిక్కే. అంటే తేడా దారంలో లేదు. అల్లడంలో ఉంది, నేను వేసుకున్నన్నాళ్ళలో ఉంది.

అసలు ఉన్ని చూడాలంటే మా వైపు దూరం పోనక్కర్లేదు. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద పోతుంటే లోపలి ఊళ్ళలో ఇంకా ముసలివాళ్ళ భుజాల మీద గొంగడి కనిపిస్తుంది. అదే దారిలో ఇంకా ముందుకి పోతే కొమురవెల్లి మల్లన్న, గొల్లకురుమల దేవుడు. గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో చేసేది. నల్ల గొర్రె, ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం మీద వడికితే మగవాళ్ళు గుంట మగ్గం మీద నేస్తారు. చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. చలికి కప్పుకోవచ్చు, వానకి మడిచి తలమీద నుంచి వేసుకోవచ్చు, ఎండలో పరుచుకోవచ్చు, పొలంలో వడ్లు మూటగట్టొచ్చు. మా తాతకి ఒకటుండేది. అది తలమీద వేసుకుని కావలికి పోతుంటే, ఇప్పుడాలోచిస్తే, అది హుడీ కాక ఇంకేమిటి?

ఇప్పుడా ఉన్నికి గిరాకీ లేదు. మాంసానికి లాభమని ఉన్ని రాని నెల్లూరు జాతి గొర్రెలు చాలా మందల్లోకి వచ్చేశాయి. దక్కనీ గొర్రె తగ్గింది, దాంతోపాటే వడికేవాళ్ళూ నేసేవాళ్ళూ తగ్గారు. మన జెనోమ్ వ్యాలీ ల్యాబులు, నల్సార్, బిట్స్ అన్నీ ఉన్నది ఈ శామీర్‌పేట చుట్టుపక్కలే. ఆ పిల్లలందరి ఒంటి మీదా కాలేజీ పేరున్న హుడీలు. నేను వాళ్ళని తప్పు పట్టట్లేదు, నా ఒంటి మీదున్నది మా కంపెనీ పేరు.

స్టైల్ గురించి మాట్లాడుతూ గొంగడి దగ్గరికొచ్చాక గద్దర్ గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? మేడ్చల్ మీదుగా పోయే ఈ 44వ నంబరు హైవే మీదే పైకి పోతే ఆయన పుట్టిన తూప్రాన్. బ్యాంకులో ఉద్యోగం కూడా చేసిన మనిషి. ప్యాంటూ షర్టూ ఆయనకి కొత్త కాదు. కానీ గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని స్టేజి ఎక్కాడు. 1979లో తీసిన 'మా భూమి' సినిమాలో కూడా మనం చూసింది ఆ గొంగడి మనిషినే. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు అల్వాల్‌కి వచ్చిన జనంలో ఎవరిని అడిగినా కళ్ళు మూసుకుని ఆయన వేషం చెప్పగలరు. ఆయన రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, అది వేరే సంగతి. కానీ అది ఎవరూ అమ్మింది కాదు. తను ఎవరి మాట చెప్తున్నాడో వాళ్ళ బట్ట అది.

మన ఫీల్డులోంచి కూడా ఒక ఉదాహరణ. స్టీవ్ జాబ్స్ నల్ల టర్టిల్‌నెక్. జపాన్‌లో సోనీ ఉద్యోగుల యూనిఫాం చూసి ముచ్చటపడి, దాన్ని తయారుచేసిన ఇస్సే మియాకేతో ఆపిల్‌కి కూడా ఒకటి చేయిద్దామనుకున్నాడట. ఉద్యోగులు ఒప్పుకోలేదు. సరే నాకైనా చేసిపెట్టు అంటే మియాకే ఓ వంద దాకా పంపించాడు. ఆ తర్వాత జీవితమంతా అదే. దాన్నే కాపీ కొట్టి నల్ల టర్టిల్‌నెక్ తొడుక్కున్న ఎలిజబెత్ హోమ్స్ సంగతి కూడా మనకి తెలిసిందే. రక్తపరీక్షల కంపెనీ పెట్టి, మదుపరుల్ని మోసం చేసిందని 2022 జనవరిలో జ్యూరీ తేల్చింది. బట్ట అదే. కానీ ఒకరిది అలవాటు, ఇంకొకరిది వేషం.

ఇదంతా ఫోన్లో చెప్తే మా ఫ్రెండొకడు నన్ను కడిగేశాడు. వాడిది సిద్దిపేట దగ్గరి ఊరు, కురుమ ఇల్లు. "నువ్వు గొంగడి కప్పుకొని ఆఫీసుకు పోతే ఫ్యాషన్ అంటరు. మా నాయిన కప్పుకొని హోటల్‌కు పోతే బయట కూసోమన్నరు. అందుకే మేం ఇడిసిపెట్టినం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి. చవగ్గా దొరికే షాపు బట్ట ఎంతమందికి ఎంత గౌరవమిచ్చిందో నాలాంటివాడు మర్చిపోకూడదు. ఐదొందలు పెట్టి మంచి చొక్కా వేసుకున్న పిల్లవాణ్ణి చూసి వాళ్ళ నాన్న ఏం పని చేస్తాడో ఎవరూ చెప్పలేరు. మా చెల్లెలు తన మొదటి జీతంతో తనకి నచ్చిన బట్టలు తనే కొనుక్కుంది. మా అమ్మకి ఆ అవకాశం ఏనాడూ లేదు. హై స్ట్రీట్ చేసిన మంచి ఇది, చిన్నదేం కాదు.

కానీ వాడి మాటలోనే నాకు కావాల్సిన ముక్క కూడా దొరికింది. వాళ్ళ నాన్న గొంగడి వదిలింది చలి తగ్గి కాదు, ఎదుటివాడి చూపు వల్ల. నేను మెరూన్ స్వెట్టర్ విప్పింది కూడా అందుకే. ఆయన పడ్డదానికీ నా క్యాంటీన్ నవ్వుకీ పోలికే లేదు, ఆయనది అవమానం, నాది ఉత్త పిరికితనం. ఆయన మార్చుకోవడానికి కారణం ఉంది. నాకేముంది? నలుగురు నవ్వారు, అంతేగా. స్టైల్ అంటే నా మటుకు నాకు ఇప్పుడర్థమైంది ఇదీ: ఇది నేనెందుకు వేసుకున్నానో నాకు తెలిసుండటం, ఎవరో నవ్వారని మధ్యాహ్నానికల్లా విప్పేయకుండా ఉండటం. మిగతాదంతా షాపింగే.

అలాగని ఊరికే ఉపన్యాసమిచ్చి పోను. నేను పెట్టుకున్న నియమాలు నాలుగు రాస్తాను, పనికొస్తే వాడుకోండి.

మొదటిది, షాపుకి పోయేముందు మీ రోజు చూసుకోండి. బండా, బస్సా, క్యాబా? ఏసీ కింద ఎన్ని గంటలు? మేడ్చల్ ఎంఎంటీఎస్‌లో కూర్చుని పోయేవాడికీ, బైకు మీద పోయేవాడికీ ఒకే స్వెట్టర్ కుదరదు. రెండోది, ముందు లేబుల్, తర్వాత ధర, ఆఖర్న రంగు చూడండి. మన దగ్గరికి పల్చటి మెరినో ఉన్నిదో, నూలు అల్లికదో చాలా బాగా పనికొస్తుంది. అంత పెట్టలేకపోతే అక్రిలిక్కే తీసుకోండి, కానీ అల్లిక దగ్గరగా ఉన్నది చూడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందులు కనిపించకూడదు, కింది అంచు లాగి వదిలితే వెనక్కి రావాలి. మూడోది, భుజం కుట్టు మీ భుజం ఎముక మీదే ఉండాలి. పొట్ట దగ్గర వదులైతే ఫర్వాలేదు, భుజం జారితే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. హ్యాంగర్‌కి తగిలించకండి, సాగిపోతుంది, మడిచి పెట్టండి. నాలుగోది, కనీసం ముప్ఫైసార్లు వేసుకుంటానని నమ్మకం ఉంటేనే కొనండి. 1,799 స్వెట్టర్ ఆరుసార్లు వేసుకుంటే ఒక్కోసారికి మూడొందలు. అరవైసార్లు వేసుకుంటే ముప్ఫై.

షాపులే వద్దనుకుంటే చలికాలంలో సిటీకి వచ్చే టిబెటన్ల స్వెట్టర్ బజారు ఉండనే ఉంది. కర్ణాటకలోని బైలకుప్ప లాంటి శిబిరాల నుంచి వస్తారు. సరుకు చాలావరకు లూధియానాది. మన జనం వాళ్ళని నేపాలీలంటారు గానీ కాదు. వాళ్ళకి ఏడాది తిండి ఈ మూడు నెలల మీదే. ఆ సంగతి గుర్తుంచుకుని బేరమాడండి.

ఇక నా సంగతి. నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చుని "నాకొకటి అల్లవా మళ్ళీ?" అని అడిగాను. కళ్ళజోడు పైకి తోసి ఎగాదిగా చూసింది. "ఆఫీసుల ఏసుకుంటవా?" అంది. అంటే తెలుసన్నమాట, ఇన్నేళ్ళూ. "ఏసుకుంట" అన్నాను. చేతులు లేనిదైతే చాలన్నాను, బండి మీద పైన జాకెట్ ఉంటుంది కాబట్టి. ఛాతీకి టేపు చుట్టి, "పాత కొలత కంటె జానెడు పెరిగినవ్" అని నవ్వింది. రంగు మాత్రం మెరూనే.

వేళ్ళు నొప్పులట, రోజుకి నాలుగు వరసల కంటే కావట. ఈ లెక్కన పూర్తయ్యేసరికి సంక్రాంతి పోతుంది, శివరాత్రి కూడా పోతుంది, చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఏం ఫర్వాలేదు. మే నెలలో ఏసీ కింద వేసుకుంటాను :)